ముదిమికి ముందుచూపు: మన నిర్ణయాలు, మన హక్కులు

(బొబ్బిలిలో చిరువ్యాపారులు, చేతిపనివారు, మస్జిద్ కమిటీల బాధ్యులు పాల్గొన్న సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



బొబ్బిలి అనగానే లోకానికి 1757 నాటి యుద్ధం గుర్తుకు వస్తుంది. ఆ తరువాత గొల్లపల్లిలో పనసకర్రను తొలిచి తీర్చిదిద్దే వీణ గుర్తుకు వస్తుంది. ఈ ఊరి పేరుతో మనకు మరొక బంధం కూడా ఉంది. పదిహేడవ శతాబ్దంలో శ్రీకాకుళం ఫౌజుదారుగా ఉన్న షేర్ ముహమ్మద్ ఖాన్ గౌరవార్థం సంస్థాన స్థాపకుడు ఈ కోటకు ‘పెబ్బులి’ అని పేరు పెట్టాడనీ, అదే కాలక్రమాన బొబ్బిలి అయిందనీ పెద్దలు చెబుతారు. అంత పాత బంధమున్న ఈ నేలపై నేడు జిల్లా జనాభాలో మనం నూటికి ఒక్కరం కూడా లేము. సంఖ్య తక్కువైనచోట సమస్యలు కూడా లెక్కకు రావు. అటువంటి ఒక సమస్యను గురించి ఈ సాయంత్రం మాట్లాడదలిచాను. ఒంట్లో సత్తువ ఉడిగిన నాడు మనం ఏమి తిని బతుకుతాం? ఆ నాటి కోసం ఈనాడు దాచుకోవాలా వద్దా అన్నది మనం ఎలా నిర్ణయించుకుంటున్నాం?

ఈ సభలో ఎవరికీ పొదుపు మంచిదని బోధించనవసరం లేదు. యూసుఫ్ ప్రవక్త (అలైహిస్సలాం) వృత్తాంతం తెలియని ముస్లిం ఇల్లు ఉండదు. పంటలు సమృద్ధిగా పండిన ఏడేళ్లలో ధాన్యాన్ని వెన్నుల్లోనే నిలవచేయించి, కరవు కమ్మిన ఏడేళ్లలో ఒక దేశాన్ని కాపాడిన చరిత్ర అది. పొదుపు విలువ మనకు తెలుసు. తెలిసి కూడా ఎందుకు చేయలేకపోతున్నాం? నా అభిప్రాయం ఒక్క మాటలో చెబుతాను. మనలో లోపించింది వివేకం కాదు, దారి. సులువుగా, క్రమంగా, ధర్మసమ్మతంగా దాచుకునే దారి ఉన్నచోట పేదవాడు కూడా దాచుకుంటాడు. ఆ దారి లేనిచోట చదువుకున్నవాడు కూడా మోసపోతాడు. కాబట్టి ఇది మన అలవాట్లకు సంబంధించిన విషయం ఎంతో, మన హక్కులకు సంబంధించిన విషయం కూడా అంతే.

విరమణ లేనివారి వృద్ధాప్యం

ప్రభుత్వోద్యోగికి ఒకప్పుడు ఈ చింత లేదు. ఆయన వృద్ధాప్యాన్ని గురించి ప్రభుత్వమే నిర్ణయం చేసేది. కేంద్రంలో 2004 జనవరి 1 నుంచి, మన రాష్ట్రంలో అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి కొత్తగా చేరినవారికి పాత పింఛను పోయి, జీతంలో కోతతో నిధి కూడబెట్టే విధానం వచ్చింది. దానిపై ఇరవై ఏళ్లుగా ఉద్యోగ సంఘాలు పోరాడుతూనే ఉన్నాయి. రాష్ట్రం 2023లో హామీ పింఛను చట్టం చేసింది. కేంద్రం 2025 ఏప్రిల్ 1 నుంచి ఏకీకృత పింఛను పథకాన్ని అమలుచేస్తున్నది. ఆ పోరాటం న్యాయమైనదే. అయితే అది నెల జీతం ఉన్నవారి పోరాటమని మరువరాదు.

మన సంగతి వేరు. దేశంలోని ముస్లిం శ్రామికుల్లో 61 శాతం మంది స్వయం ఉపాధిపైనే ఆధారపడి ఉన్నారని 2006లో సచార్ కమిటీ తేల్చింది. హిందూ శ్రామికుల్లో ఆ వాటా సుమారు 55 శాతం. కుట్టుమిషను, మెకానిక్ షెడ్డు, పండ్ల బండి, మాంసం దుకాణం, పరుపుల పని: వీటిలో దేనికీ పదవీ విరమణ తేదీ ఉండదు. చేయి ఆగిన రోజే విరమణ. ఈ విషయంలో గొల్లపల్లి వీణ కళాకారుడికీ, మన మస్జిద్ పక్కన కుట్టుపని చేసే భాయికీ తేడా లేదు.

ఉద్యోగి జీతం చేతికి రాకముందే అతడి పొదుపు కోత పడిపోతుంది. అతడు ఏమీ చేయకుండానే దాచుకున్నవాడు అవుతాడు. స్వయం ఉపాధిలో ఉన్నవాడు నలభై ఏళ్లలో 480 నెలలు, ప్రతి నెలా కొత్తగా నిర్ణయం తీసుకోవాలి. ఆ నెల బడి ఫీజు ఉంటుంది, ఈద్ ఉంటుంది, ఆసుపత్రి ఖర్చు ఉంటుంది. 480 సార్లు తనను తాను జయించమని ఒక మనిషిని అడగడం న్యాయమేనా?

ప్రశ్నను తిప్పి అడిగితే

మనిషి తన జీవితకాలపు రాబడిని లెక్కగట్టుకొని, సంపాదించే వయసులో కొంత దాచి, వృద్ధాప్యంలో వాడుకుంటాడని ఆర్థికవేత్త ఫ్రాంకో మోడిగ్లియాని సిద్ధాంతీకరించారు. ఆయనకు 1985లో నోబెల్ బహుమానం వచ్చింది. మనిషి అంత లెక్కగా బతకడనీ, రేపటి సుఖం కంటే నేటి అవసరమే అతడికి పెద్దదిగా కనిపిస్తుందనీ చూపిన రిచర్డ్ థేలర్‌కు 2017లో అదే బహుమానం దక్కింది.

అమెరికాలోని ఒక పెద్ద సంస్థలో జరిగిన మార్పును బ్రిజిట్ మాడ్రియన్, డెనిస్ షే అనే ఇద్దరు పరిశోధకులు 2001లో ప్రచురించారు. అంతకుముందు ఆ సంస్థలో పొదుపు పథకంలో చేరదలచినవారు దరఖాస్తు పెట్టుకోవాలి. తరువాత అందరినీ చేర్చేసి, వద్దనుకున్నవారు మాత్రమే దరఖాస్తు పెట్టుకోవాలన్నారు. అదే స్థాయి అనుభవం ఉన్న ఉద్యోగులలో చేరినవారి వాటా 49 శాతం నుంచి 86 శాతానికి పెరిగింది. ఎవరికీ ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. ప్రశ్నను తిప్పి అడిగారు, అంతే.

ఈ సత్యం మన వీధిలోని చీటీ ఏనాడో చెప్పింది. నెలనెలా ఫలానా తేదీకి డబ్బు కట్టకపోతే పదిమందిలో మాట పోతుందన్న భయమే చీటీకి ప్రాణం. రోజుకు వంద రూపాయలు మిగలని ఇల్లాలు కూడా చీటీ మాత్రం తప్పకుండా కడుతుంది. పేదవాడు దాచుకోలేడు అన్నవారికి ఇదే సమాధానం. చీటీలో లోటు ఏమంటే, అది ఏడాదికో రెండేళ్లకో ముగుస్తుంది. ఆ డబ్బు పెళ్లికో, ఇంటి కప్పుకో పోతుంది. వృద్ధాప్యం దాకా నడిచే చీటీ ఎవరూ వేయరు.

మనం నమ్ముకున్న ఆధారాలు

పింఛను మాట ఎత్తితే మన ఇళ్లలో సాధారణంగా వినిపించే జవాబులు నాలుగు.

మొదటిది, కొడుకు ఉన్నాడు అన్న జవాబు. తల్లిదండ్రుల సేవ సంతానానికి విధి, అందులో సందేహం లేదు. కాని ఈ ఉత్తరాంధ్ర నుంచి యువకులు విశాఖకూ, హైదరాబాదుకూ, గల్ఫుకూ వలసపోతున్నారు. అక్కడ వారి అద్దెలు, వారి పిల్లల చదువులు వారికి ఉంటాయి. కొడుకు మంచివాడే కావచ్చు, అతడి జీతం కూడా మంచిదై ఉండాలి కదా. వారసులను ఇతరుల ముందు చేయి చాచే స్థితిలో వదలిపోవడం కంటే కలిగినవారిగా వదలిపోవడం మేలని దైవప్రవక్త (సల్లం) తమ సహచరుడైన సఅద్ బిన్ అబీ వఖాస్‌కు హితవు చెప్పారు. సంతానానికి భారం కాకుండా ఉండే ఏర్పాటు కూడా ఆ హితవు పరిధిలోనిదే అని నా భావన.

రెండవది బంగారం. మన స్త్రీలకు అది ఆస్తి, గౌరవం, ధైర్యం. కాని నగగా కొన్నప్పుడు మజూరీ, తరుగు పోతాయి. అమ్మినప్పుడు అవి తిరిగి రావు. అవసరం పడినప్పుడు మనం అమ్మడం కంటే తాకట్టు పెట్టడమే ఎక్కువ. వడ్డీకి దూరంగా ఉండాలని కొన్న బంగారమే చివరకు మనలను వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కిస్తుంది.

మూడవది ఇంటి స్థలం. అది మంచి ఆస్తే. అయితే మందుల ఖర్చుకు స్థలంలో ఒక మూల కోసి అమ్మలేము. అద్దె వచ్చే గది కట్టుకున్నవాడికి అది పింఛను అవుతుంది. ఖాళీగా పడి ఉన్న స్థలం వారసుల తగవు మాత్రమే అవుతుంది.

నాలుగవది ప్రభుత్వ పింఛను. మన రాష్ట్రంలో 2014లో నెలకు 1,000 రూపాయలైన సామాజిక పింఛను 2024 జూలై నుంచి 4,000 రూపాయలు అందుతున్నది. ఎందరో వృద్ధుల ఇంట పొయ్యి వెలిగిస్తున్న ఆ మొత్తాన్ని నేను తక్కువ చేయను. కాని దానికి ఆదాయం, ఆస్తులపై షరతులు ఉన్నాయి. చిన్న దుకాణం నిలదొక్కుకున్నవాడు ఆ షరతులు దాటిపోవచ్చు. ఆ మొత్తం ఎన్నికల వాగ్దానాలతో పెరుగుతూ వచ్చింది. కేంద్రం తన వృద్ధాప్య పింఛనులో అరవై నుంచి డెబ్బై తొమ్మిదేళ్ల వారికి ఇచ్చే వాటా ఏళ్ల తరబడి 200 రూపాయల వద్దనే ఆగి ఉండటం మనకు ఒక హెచ్చరిక కావాలి.

హలాల్ అన్న మాటతో జరిగిన వ్యాపారం

ఇక మన నిర్ణయాలను అందరి నిర్ణయాల నుంచి వేరుచేసే అంశానికి వస్తాను. రిబా, అంటే వడ్డీ, నిషిద్ధం. బ్యాంకు డిపాజిట్టు అయినా, తపాలా కార్యాలయపు పొదుపు పథకం అయినా వడ్డీపైనే నడుస్తాయి. భక్తిగల ముస్లిం అక్కడ ఆగిపోతాడు. ఆగినవాడి ముందు రెండు దారులు ఉంటాయి. డబ్బు ఇంట్లో దాచడం ఒకటి. మనవాడు అనిపించుకున్న మనిషి చేతిలో పెట్టడం రెండవది.

రెండవ దారి ఎక్కడికి చేర్చిందో అందరూ చూశారు. హలాల్ లాభం ఇస్తామని ప్రచారం చేసిన హీరా గ్రూపు ఏటా సుమారు 36 శాతం లాభం ఆశచూపి తెలుగు రాష్ట్రాలలోనూ ఇతర చోట్లా డిపాజిట్లు సేకరించింది. 2018లో దాని అధినేత అరెస్టయ్యారు. 2019 జూన్‌లో బెంగళూరులో ఐఎంఏ సంస్థ కూలిపోయి వేలాది ముస్లిం కుటుంబాలు వీధిన పడ్డాయి. ఈ దెబ్బ మనకు మాత్రమే తగిలినది కాదు. ఈ ఉత్తరాంధ్రలో కూడా ఎందరో అగ్రిగోల్డ్ బాధితులు ఉన్నారు. మన విషయంలో అదనంగా జరిగింది ఏమంటే, మన విశ్వాసాన్నే ఎరగా వాడారు.

బాధితులను అత్యాశపరులని నిందించడం నాకు సమ్మతం కాదు. ధర్మసమ్మతమైన పొదుపు దారి చట్టబద్ధమైన సంస్థలలో దొరకనప్పుడు, దొరికినచోటికి వెళ్లారు. అయినా లెక్క మాత్రం వేసుకోవాలి. ఏటా 36 శాతం చొప్పున లాభం మీద లాభం చేరితే లక్ష రూపాయలు పదేళ్లలో 21 లక్షలు దాటుతాయి. నిజాయితీగా నడిచే ఏ బట్టల కొట్టు, ఏ బంగారు కొట్టు పదేళ్లలో పెట్టుబడిని ఇరవై ఒక్క రెట్లు చేసిందో మన బజారులో ఒక్క వ్యాపారిని అడిగి చూడండి. పైగా, లాభం ఇంతని ముందే ఖాయం చేసి చెప్పేది వ్యాపార భాగస్వామ్యం ఎలా అవుతుంది? ఆ ఒక్క ప్రశ్న వేసి ఉంటే షరీఅతే మనలను కాపాడి ఉండేది.

చట్టబద్ధమైన దారులు బొత్తిగా లేవని కూడా అనలేము. మద్యం, జూదం, వడ్డీ వ్యాపారం చేసే కంపెనీలను, అప్పులు మితిమీరిన కంపెనీలను వడపోసి తక్కినవాటిలో మదుపు చేసే టాటా ఎథికల్, టారస్ ఎథికల్ వంటి మ్యూచువల్ ఫండ్లు సెబీ పర్యవేక్షణలో నడుస్తున్నాయి. ఇవి ఉన్నాయని చెప్పడమే నా ఉద్దేశం, కొనమని సిఫారసు కాదు. మార్కెట్టు పడితే వీటి విలువా పడుతుంది. పదిహేనేళ్లు వేచి ఉండగలవారికే ఈ దారి తగినది. వచ్చే ఏడాది పెళ్లికి పెట్టుకున్న సొమ్ము ఇందులో పెట్టరాదు.

భవిష్యనిధి సంగతి కూడా చెప్పాలి. బొబ్బిలి గ్రోత్ సెంటరు కర్మాగారాలలో పనిచేసే మన యువకులు కొందరు, వడ్డీ కలుస్తుందని, పీఎఫ్ డబ్బును ఎప్పటికప్పుడు తీసేస్తుంటారు. చట్టప్రకారం తప్పనిసరిగా జరిగే కోతపై కలిసే మొత్తం ఉద్యోగి ఇచ్చిన అప్పుకు వడ్డీ కాదనీ, అది యాజమాన్యం నుంచి వచ్చే ప్రతిఫలంలో భాగమనీ ఉపఖండపు ఉలమాలలో పలువురు అభిప్రాయపడ్డారు. స్వచ్ఛందంగా అదనంగా కట్టే మొత్తం విషయంలో వారు జాగ్రత్త చెప్పారు. మీరు విశ్వసించే ఆలింను అడిగి తేల్చుకోండి. అడగకుండా మాత్రం తీసేయవద్దు. పదేళ్ల సర్వీసు నిండితేనే నెలసరి పింఛనుకు అర్హత వస్తుంది. ఉద్యోగం మారిన ప్రతిసారీ పింఛను సొమ్ము తీసుకున్నవాడికి ఆ పదేళ్లు ఎన్నటికీ నిండవు. ఇరవైమంది, అంతకు మించి పనిచేసే సంస్థకు భవిష్యనిధి చట్టం వర్తిస్తుంది. కాంట్రాక్టరు కింద పనిచేసేవారు కూడా దాని పరిధిలోకి వస్తారు. పీఎఫ్ అడగడం యాచన కాదు, హక్కు.

ఆలస్యపు ఖరీదు

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు. ఆ మాట ఎంత ఖరీదైనదో అటల్ పింఛను యోజన పట్టిక చూస్తే తెలుస్తుంది. 2015లో మొదలైన ఈ పథకంలో పద్దెనిమిది నుంచి నలభై ఏళ్ల లోపువారు చేరవచ్చు. ఆదాయపు పన్ను కట్టేవారికి 2022 అక్టోబరు నుంచి కొత్తగా చేరే వీలు లేదు. అరవై తరువాత నెలకు 5,000 రూపాయల పింఛను కోరి ఇరవయ్యో ఏట చేరినవాడు నెలకు 248 రూపాయలు కడతాడు. నలభయ్యో ఏట చేరినవాడు 1,454 రూపాయలు కడతాడు. మొదటివాడు నలభై ఏళ్లలో కట్టేది మొత్తం 1,19,040 రూపాయలు. రెండవవాడు ఇరవై ఏళ్లలో కట్టేది 3,48,960 రూపాయలు. ఇద్దరికీ వచ్చే పింఛను ఒక్కటే. తేడా అంతా ఆలస్యపు జరిమానా.

పట్టిక చెప్పని సంగతి కూడా ఒకటి ఉంది. ధరలు ఏటా 5 శాతం పెరిగితే, నలభై ఏళ్ల తరువాతి 5,000 రూపాయలు నేటి 710 రూపాయలతో సమానం. కాబట్టి ఏ ఒక్క పథకమూ చాలదు. ఈ పథకపు నిధి ప్రభుత్వ రుణపత్రాలు మొదలైనవాటిలో మదుపు అవుతుంది గనుక మనలో చాలామందికి ఇక్కడ కూడా రిబా సందేహమే అడ్డు. చేరినవారు తక్కువ ధరకు పొందే భద్రతను విశ్వాసం కారణంగా చేరనివాడు కోల్పోతున్నాడు. ఒక పౌరుడు తన విశ్వాసానికీ తన వృద్ధాప్యానికీ మధ్య ఒకదానిని ఎంచుకోవలసి రావడం ప్రభుత్వం సరిదిద్దవలసిన లోపం.

స్త్రీల వాటా

మన ఇళ్లలో పొదుపు చేసేది తల్లి, ఎక్కడ పెట్టాలో నిర్ణయించేది తండ్రి. చాలా ఇళ్లలో భర్త కంటే భార్య చిన్నది. ఆమె ఒంటరిగా గడపవలసిన ఏళ్లే ఎక్కువ. అయినా ఖాతా ఎవరి పేరున ఉన్నదో, పాసుపుస్తకం ఎక్కడ ఉన్నదో, నామినీ ఎవరో ఆమెకు తెలియదు. మెహర్ ఆమె సొంత ఆస్తి. దానిని బకాయి పెట్టకుండా చెల్లించి, ఆమె పేరుననే ఆమె వృద్ధాప్యపు నిధికి పునాదిగా ఉంచితే అంతకంటే మంచి ఆరంభం లేదు. నామినీగా పేరున్నవాడు సొమ్ము అందుకునేవాడే గాని ఏకైక యజమాని కాడని 1984లో జీవిత బీమాకు సంబంధించిన సర్బతీ దేవి కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వారసుల వాటాలు వారసులవే. ఇది తెలియక అన్నదమ్ముల మధ్య నలిగిపోయిన వితంతువులు మన మధ్యనే ఉన్నారు.

ప్రభుత్వాన్ని అడగవలసినవి

ఇతర దేశాలు ఈ చిక్కుముడిని విప్పాయి. మలేషియాలో హజ్ యాత్రికులు వడ్డీ లేకుండా దాచుకునేందుకు 1963లోనే ప్రత్యేక సంస్థ ఏర్పడింది. అదే నేటి తబుంగ్ హాజీ. అక్కడి భవిష్యనిధి సంస్థ తన సభ్యులకు 2017 నుంచి షరీఅత్ ప్రకారం నిర్వహించే ఖాతాను ఎంచుకునే వీలు కల్పించింది. ముస్లింలు అల్పసంఖ్యాకులైన బ్రిటన్‌లో కూడా నెస్ట్ అనే పింఛను సంస్థ షరియా నిధిని ఒక ఎంపికగా అందిస్తున్నది.

మన దేశంలో 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీ లేని బ్యాంకింగును పరిశీలించాలని సూచించింది. 2015లో దీపక్ మొహంతీ కమిటీ బ్యాంకులలో వడ్డీ రహిత కిటికీలను సిఫారసు చేసింది. 2017లో రిజర్వు బ్యాంకు ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోబోమని తెలిపింది. అందుకే మన అడుగు మరింత నిర్దిష్టంగా ఉండాలి. 2009 నుంచి పౌరులందరికీ తెరిచిన జాతీయ పింఛను వ్యవస్థలో చందాదారు తన నిధి ఎటు పోవాలో ఎంచుకునే ఏర్పాటు ఇప్పటికే ఉంది. షరీఅత్ వడపోతకు నిలిచిన వాటాల నిధిని అందులో మరొక ఎంపికగా చేర్చమని కోరుదాం. ఇది ప్రత్యేక రాయితీ కాదు. ఖజానాపై భారం కాదు. ఎవరి డబ్బు వారిదే, ఎంపిక మాత్రమే కొత్తది.

ఇమాములకు, మౌజన్‌లకు ప్రభుత్వం ఇచ్చే గౌరవ వేతనం సేవలో ఉన్నంతకాలమే. గొంతు సన్నగిల్లిన మౌజన్ సంగతి ఏమిటి? గౌరవ వేతనంతోపాటు పింఛను నిధి కూడా జతచేయాలని అడుగుదాం. మస్జిద్ కమిటీలు కూడా తమ వంతు కొంత కలపాలి.

మనం చేయగలిగినవి

ప్రభుత్వం కదిలేదాకా చేతులు కట్టుకొని కూర్చోనవసరం లేదు. ప్రతి మస్జిద్‌లో నెలకు ఒక జుమా తరువాత అరగంట ఈ విషయానికి కేటాయించండి. బ్యాంకు పని, పీఎఫ్ పని తెలిసిన ఒకరిద్దరు యువకులు ఫారాలు నింపిపెట్టాలి. నెలనెలా ఒక తేదీకి ఖాతాలో నుంచి సొమ్ము దానంతట అదే జమయ్యే ఏర్పాటు చేయించాలి. చీటీలోని క్రమశిక్షణ అలా చట్టబద్ధమైన సంస్థలోకి వస్తుంది. ఒక్క జాగ్రత్త ఉంది. కమిటీ సమాచారం ఇవ్వాలి, డబ్బు వసూలు చేయరాదు. ఎంతటి నమ్మకస్థుడైనా సరే, మస్జిద్ పేరున డిపాజిట్లు సేకరించరాదు.

ఎవరైనా లాభం ఆశచూపినప్పుడు అడగవలసినవి మూడే. నిన్ను పర్యవేక్షించేది రిజర్వు బ్యాంకా, సెబీనా, బీమా నియంత్రణ సంస్థా, పింఛను నియంత్రణ సంస్థా? లాభం ఏ వ్యాపారంలో నుంచి వస్తుంది? నా డబ్బు నాకు కావాలంటే ఎన్ని రోజుల్లో ఇస్తావు? జవాబుకు బదులు ప్రమాణాలు చేసేవాడి నుంచి దూరంగా జరగండి. అనుమతి లేని డిపాజిట్ల సేకరణ 2019 చట్టం ప్రకారం నేరం. రిజర్వు బ్యాంకు ఏర్పాటుచేసిన ‘సచేత్’ వెబ్‌సైటులో ఫిర్యాదు చేయవచ్చు.

ఒంటెను కట్టి, ఆపైన అల్లాహ్‌పై భారం వేయమన్నది మన ప్రవక్త (సల్లం) బోధ. కట్టే తాడు మనకు అందుబాటులో ఉంచమని ప్రభుత్వాన్ని అడుగుదాం. అందిన తాడుతో ఈ నెల నుంచే కట్టడం మొదలుపెడదాం. ఇరవై ఏళ్ల కుర్రవాళ్లు ఈ సభలో ఉన్నారు. మీ చేతిలో 480 నెలలు ఉన్నాయి. మీ నాన్నగారి చేతిలో అన్ని లేవు. మొదటి నెలను పోనీయకండి.